విరాసత్

నక్కలగుట్ట ఆసుపత్రిల డాక్టరమ్మ
"మ్యుటేషన్" అన్నప్పుడు
నాకు నవ్వొచ్చింది.

ముప్పయ్యేండ్లు పరకాల తాసీలాఫీసుల
నేను చేసిన పనే అది.
సచ్చినోని పేరు కొట్టేసి
బతికున్నోని పేరు ఎక్కించుడు.
ఎర్రసిరా గీత, పక్కన పొట్టి సంతకం,
బల్ల మీద ఎవరో తెచ్చిపెట్టిన చాయ్.

ఇది వేరే పహాణి, అన్నదామె.
ప్రోస్టేటు గడ్డ ఎముకలకు పాకింది గదా,
ఇంత తొందరేందో సూద్దామని
నా నెత్తురు హైదరాబాదు తోలింది.
ఇరవై రెండు రోజులకు కాయితం.
బీఆర్‌సీఏ టూ.
సర్వే నంబరు లెక్కనే,
బై నంబరుతో సహా.

ఒక్క అక్షరం తప్పు పడ్డదట.
ఒక్క అక్షరానికి
మూడు తరాలు కోర్టు మెట్లెక్కుడు నేనెరుగుదును.

"మీ ఇంట్ల ఇంకెవరికన్న?"

కొమురక్క.
నలభై ఆరేండ్లకు, రొమ్ముల గడ్డ.
అంతకు ఆరేండ్ల ముందు
అయ్య చెలక రెండెకరాల పది గుంటలు
నా ఒక్కని పేర ఎక్కించుకున్న.
అక్క బొటనవేలు నేనే పట్టి అద్దిన.
సిరా పోతలేదని
చింతపండుతోని రుద్దుకుంట నవ్వింది.

ఈ ఆస్తి మాత్రం
దరఖాస్తు లేకుండ, సాక్షి లేకుండ
ఇద్దరికీ వచ్చింది.
అయ్య దిక్కు నుంచో అవ్వ దిక్కు నుంచో,
అది ఏ రికార్డుల లేదు.

"ఈ కాయితముంటే మీకు పనిచేసే గోలీ ఒకటున్నది,
ధర ఎక్కువ.
మీ బిడ్డకు, అక్క బిడ్డకు చెప్పుండ్రి.
ఉండుడు లేకుండుడు సగం సగం.
ముందు తెలిస్తే ముందే సూసుకుంటరు."

నా బిడ్డ ఝాన్సీ ఆ మాపటికే నెత్తురిచ్చింది.
అక్క బిడ్డ విజేత నంబరు
నా ఫోనుల లేదు.
వాళ్లమ్మ దినాల నాటి నుంచి మాటల్లేవు.
మొగుళ్లపల్లి కిరాణపాయన్ని బతిలాడి తీసుకున్న.

"ఎవరు?"
"మామను."
చానసేపు కుట్టుమిషను చప్పుడే.
"భూమి ముచ్చటైతే నాకేం వద్దు మామా."

"భూమి గాదు బిడ్డా.
మీ అమ్మ నుంచి నీకొక పాలు రావచ్చు,
రాకపోవచ్చు.
పరీక్ష పైసలు నేను కడత.
ఆధార్ కార్డు పట్టుకొని రా..."

ముప్పయ్యేండ్ల అలవాటు, నోట్లెకెల్లి అట్లనే వచ్చింది.

మిషను ఆగింది.

"ఎందుకు?
మళ్ల వేలు పెట్టాల్నా?"