పోగు చెప్పిన పంక

చౌరస్తా దుకాణంల అడిగిండు,
"ఎంత గాలి గావాలె?"

ఇరవై నాలుగడుగుల రేకుల షెడ్డు,
మూడు జంపఖానా మగ్గాలు,
కొత్తవాడ, ఏప్రిల్ నెల.
మగ్గం ముంగట గాలి కూడా మర్యాద నేర్వాలె,
అది చెప్పరాలె నాకు.

మీట నొక్కిండు.
నాలుగు రెక్కలు కలిసి ఒక్క తెల్లటి పళ్ళెమైనై.
నా చేతిల చీటి లేచి ఉరికింది.
"గాలి వద్దనేటోన్ని నిన్నే సూసిన" అని నవ్విండు.

సంచిలకెల్లి నూలుపోగు తీసి
పంక కింద పట్టుకున్న.
రెండు మీద ఊగింది.
మూడు మీద మెలిపడ్డది.

ఆఖరుకు, మూలకున్న పాతరకం:
బారెడు రెక్కలు, బర్రె నడక.
పోగు జరంత మెసిలి ఊకున్నది.
నా మెడ మీది చెమట మాత్రం
సల్లవడ్డది.

"గిదే" అన్న.
కండెలు సుట్టే సూరమ్మకు ఇగ
కొంగుతోని విసురుకునుడు బందు.

ధర అడుగుడు
యాది మరిచిన.