నిండు క్యాను

పుస్తకంలో మొదటి మెట్టు: వినడం.
కందుకూరు డిగ్రీ కాలేజీలో
ఫ్యాను చప్పుడు కింద ఇరవై ఏళ్ళు
నేనే మాట్లాడాను.

ఈ ఏడు కొత్త పేపరొచ్చింది,
డిజైన్ థింకింగూ, సొంత వ్యాపారమూ.
రంగు చీటీలు కొనమన్నారు, కొన్నాను.
గోడకి అంటించాం. ఉక్కకి రాలిపోయినయ్.
సరే పదండి అన్నాను.
సింగరాయకొండ దాకా బస్సు, అక్కణ్ణించి షేరాటో,
బింగినపల్లి ఉప్పు మడుల దగ్గర దింపింది.

తెలుపు కూడా కళ్ళలో కారంలా పడుతుందని
అప్పుడే తెలిసింది.
మా మాల్యాద్రి వెళ్ళీ వెళ్ళకముందే సమస్యని పట్టేశాడు:
"దాహం సార్! మనుషులు ఎండలో, నీళ్ళేమో గట్టు చివర."
వారం తిరక్కుండా బండి చేసుకొచ్చాడు,
పాత సైకిలు చక్రాలు, ఇరవై లీటర్ల క్యాను,
చుట్టూ తడి గోనెపట్టా.
చప్పట్లు కొట్టాం. నేనైతే మార్కులు కూడా వేసేశాను.

సాయంత్రం బండి తిరిగొచ్చింది,
క్యాను నిండుగానే.

నీళ్ళు బాలేవా అమ్మా అంటే
"బంగారంగా ఉండాయి అబయా" అంది వెంగమ్మ
ఉప్పు లాగే చెక్క ఆపకుండా.
నలుగురం మగవాళ్ళం, నాలుగు నోటు పుస్తకాలు.
"నీళ్ళు బాగున్నాయి" అని
నాలుగింట్లోనూ రాసుకున్నాం.

ఖైరున్నీసా పుస్తకం తేలేదు.
చుడీదారు పైకి మడిచి మడిలోకి దిగి
ఆమెతోపాటు గంపలు మోసింది.
మూడో గంప దగ్గర వెంగమ్మ గొంతు తగ్గించి చెప్పిందట:
"తాగితే యాడికి పోవాల పాపా?
చెట్టా, పుట్టా? అద్దం మాదిరి నేల.
పొద్దున్నే ఒక గుక్క, మళ్ళా ఇంటికి పొయినాకే."

తిరుగు బస్సులో ఎవరం మాట్లాడలేదు.
మార్కులు పెన్సిలుతో వేసినందుకు
ఎందుకో ఊరట.

తర్వాతది పెద్ద కథేం కాదు.
సర్వి కర్రలు నాలుగు, పొగాకు బేళ్ళ గోనె.
మొదటి పరదాని సముద్రం గాలి ఎత్తుకుపోయి
రొయ్యల గుంటలో పడేసింది.
రెండోదానికి తలుపు మరిచాం.
మూడోదానికి మాల్యాద్రే
తన బండి చక్రాలు ఊడబెరికి కింద బిగించాడు.
పని ఏ మడికి పోతే గట్టెంట పరదా ఆ మడికి.

ఆ రోజు వెంగమ్మ
మా అందరి ముందూ రెండు గ్లాసులు ఎత్తి తాగింది,
గుటకలు వినపడేటట్టు.

రిపోర్టులో "ఫలితం" గడిలో
ఖైరున్నీసా ఒక్క ముక్క రాసింది:
మధ్యాహ్నానికి క్యాను ఖాళీ.
"లాభం" గడి వదిలేసింది. నేనూ అడగలేదు.

అడిగింది పక్క కొఠారు కోటమ్మ,
గట్టు మీద నడుముకి చేతులానించి:
"మాకూ ఒకటి కావాల. ఎంత?"
"పన్నెండొందలు," మాల్యాద్రి గొంతు తడబడింది.
"గోనెకా! ఏడొందలు."
"చక్రాలుండాయి గదమ్మా..."

నేను గొడుగు మడిచి గట్టు మీద కూలబడ్డాను.
ఈ పాఠం నాకు రాదు.
ఎనిమిదొందల యాభై దగ్గర ఇంకా తెగలేదు,
ఆఖరి షేరాటో హారన్ కొడుతోంది.