ఒంటికన్ను బేరం

ఎనిమిది నెలలు చదివాను.
అంగుళం సెన్సారంటారు,
కొలిస్తే అంగుళం ఉండదు.
కౌలుకిచ్చేటప్పుడు ఎకరమన్న చెరువు
గొలుసు వేస్తే ఎనభై సెంట్లు తేలినట్టు.

పగలంతా రొయ్యల చెరువుల గట్లమీద ఉంటాను.
కేశనపల్లి నుంచి అంతర్వేదిపాలెం దాకా
పదకొండు చెరువులు, ఒక మోటార్ సైకిలు,
సంచిలో పీహెచ్ సీసాలు,
చొక్కా జేబులో రిఫ్రాక్టోమీటరు.
గాజుమీద చుక్క నీళ్ళు వేసి
ఎడం కన్ను మూసి
వెలుతురువైపు తిప్పి చూస్తే
పైన నీలం, కింద తెలుపు,
మధ్యన గీత. పన్నెండు. పదిహేను.
వానొచ్చిన మర్నాడు ఆరు.
పదేళ్ళుగా ఒంటికన్నుతో ఉప్పు చూస్తున్నవాణ్ణి,
చేతులు చాచి, తెర చూస్తూ ఫోటో తియ్యమంటే
నాకు చెయ్యి నిలవదు.

అందుకే లెక్కల పుస్తకం ఆఖరి పేజీలో రాసుకున్నాను:
కన్ను ఆనించుకోడానికి చిన్న కిటికీ ఉండాలి.
చొక్కా జేబులో పట్టాలి,
మెళ్ళో వేలాడితే
గట్టుమీద రైతు నన్ను పెళ్ళి వీడియోవాడనుకుంటాడు.
రాత్రి రెండింటికి కరెంటు పోయి
ఏరియేటర్లు ఆగి
రొయ్యలు పైకి తేలి ఊపిరికి కొట్టుకుంటున్నప్పుడు
టార్చిలైటు వెలుగే చాలనాలి.
నాలుగోది రాసి కొట్టేశాను.
అది ధర.

"సెల్లులో కెమెరా లేదా?" అంది మాణిక్యం.
ఉంది.
దానిలో రాత్రి తెల్లగా వస్తుంది.
నాకు నల్లగా కావాలి.

అమలాపురంలో గడియారస్తంభం వెనక
చంటిబాబుగారి కొట్టు.
గాజుబల్ల మీద రెండు పెట్టాడు.
ఒకటి కొత్తది. మీట నొక్కితే ముక్కు చాస్తుంది,
పాయ అవతలి కొబ్బరిచెట్టు గెలలో
కాయలు లెక్కపెట్టుకోవచ్చు.
కాని చాచేకొద్దీ దానికి చూపు మసకేస్తుంది,
కిటికీ లేదు.
రెండోది మొండిది. ఎవరో వాడి అమ్ముకున్నది.
ఇరవై ఎనిమిది దగ్గర పాతేసిన గుంజలా
ముందుకి రాదు, వెనక్కి పోదు.
ఎఫ్ రెండు. ఎడమ మూల కిటికీ.
"జూమ్ లేదండీ, పైగా ఇరవై వేలెక్కువ,
నేనైతే కొననండీ" అన్నాడు
తన సరుకుని తానే తిట్టుకుంటూ చంటిబాబు.

లైట్లు ఆర్పమన్నాను.
"ఆయ్, బేరాలేళ ఆర్పడమేంటండీ!"
ఆర్పాడు.
వెనక గదిలో అబ్బులు
పాస్‌పోర్టు ఫోటోలు కత్తిరిస్తున్నాడు.
వాడి ముందు చిన్న బల్బు.
మొదటిదానిలో వాడు
చెరువడుగు బురద.
రెండోదానికి కన్ను ఆనించాను.
చీకట్లోంచి కత్తెర అంచు వచ్చింది,
గోళ్ళ కింద జిగురు వచ్చింది,
"నన్నెందుకండీ" అనబోతున్న నోరు
సగంలో వచ్చింది.
బయట ఎవరో ఆటో వెనక్కి తీస్తున్నారు.
నేను జేబులో డబ్బు తడుముకుంటున్నాను.

పాయమీద తొడుక్కున్న మబ్బుతో తెల్లారింది మర్నాడు.
సఖినేటిపల్లి రేవులో పంటి ఎక్కాను,
సీడు కోసం నరసాపురం పోవాలి.
దూరంగా వలగుంజ మీద లకుముకి పిట్ట,
తల వంచి, నీటివైపు గురిచూస్తూ.
నేనూ గురిచూశాను.
ఎనిమిది నెలల చదువూ
వేలికొసకి వచ్చి నొక్కింది.

పంటి నడిపే విల్సన్ దగ్గరకొచ్చి
తెరమీద వేలు పెట్టాడు.
"ఇదేటండీ, అద్దంమీద ఈగా?"
"లకుముకి పిట్ట."
మళ్ళీ చూశాడు. గుంజవైపు చూశాడు.
నా చేతిలోది అటూ ఇటూ తిప్పాడు.
"ఎంతయిందండీ?"
చెప్పాను.
చాలాసేపు ఏమీ అనలేదు,
ఇంజను మాత్రం కొట్టుకుంటూనే ఉంది.
రేవు దగ్గరపడ్డాక,
తాడు విసరబోతూ అన్నాడు:
"రేపు పొద్దున్నే రండి.
గుంజ పక్కనించే పోనిస్తాను."