ఒక చేప, మూడు పేర్లు

చిటికెనవేలంత ఉంటుంది ఆ చేప.
పట్టేది ఒకే సరస్సులో,
ఎండేది ఒకే ఎండకి.
మా వైపు ఒమేనా అంటాం,
గేటు దాటితే ముకెనె,
దక్షిణాన టాంజానియా రేవుల్లో డగా.
పేరు మారిందని ఏ చేపా
వాసన మార్చుకోలేదు.

బుసియా మా ఊరు.
ఊరొకటే, దేశాలు రెండు.
మా అమ్మకి పుట్టిల్లు ఉగాండా,
మెట్టినిల్లు కెన్యా,
మధ్యలో ఒక మురుక్కాలవ.
పెళ్లినాడు దాన్ని దాటేటప్పుడు
కట్టుగుడ్డ అంచు ఎత్తి పట్టుకుందట,
ఏ కాగితమూ ఎత్తి చూపలేదు.

కాగితాలు నా కాలానికొచ్చాయి.
నాకా చదువు రాదు,
అందుకని ఎలుకదారి పట్టాను.
మొక్కజొన్న చేల వెనక, చీకటితో,
నెత్తిన గంప,
గంప మీద భయం.
ఎదురుపడ్డ ప్రతి టార్చిలైటుకీ
ఒక దోసెడు చేపలు.
ఇంటికొచ్చి లెక్క చూసుకుంటే
చేపలకన్నా చీకటికే ఎక్కువ ఖర్చు.

ఐక్యత అనే మాట అప్పట్లో
హోటలు గుమ్మానికి కట్టిన గుడ్డ మీద ఉండేది.
ఏం రాసుందో మా వాడు చదివి చెప్పాడు.
లోపల పెద్దమనుషులు భోంచేస్తుంటే
బయట గాలికి గుడ్డ చిరిగింది.

తర్వాత ఈ పిల్లలు దిగారు.
గేటు పక్కన ఒక ప్లాస్టిక్ బల్ల,
కమ్మీ విరిగిన గొడుగు,
దారంతో బల్లకి కట్టేసిన పెన్ను.
ముగేని ఆ వైపు పిల్ల.
మా భాషలో ఆ పేరుకి అతిథి అని అర్థం,
కుర్చీ లాక్కుని కూర్చోవడం చూస్తే మాత్రం
ఇంటి ఆడపడుచే.
వెజూలి మా వాడు,
పొద్దున మోటారుసైకిలు మీద బేరాలు,
మధ్యాహ్నం ఈ గొడుగు కింద.
న్యామిజి ముందు నవ్వి తర్వాత మాట్లాడే రకం,
మ్వాంజా నుంచి లారీలో వచ్చింది, వారం ఉండి పోదామని.
మూడో ఏడు నడుస్తోంది.

"గేటులోంచే వెళ్లమ్మా, కాగితం మేం నింపుతాం."
నేను నమ్మలేదు.
కుర్రకారు ఉత్సాహం, ఎండాకాలం వాన.
ఎంత తీసుకుంటారని అడిగాను.
వెజూలి మొహం తిప్పుకున్నాడు.
ముగేని నా గంప దించి
"ముందు కూర్చో" అంది.

తగువు కొలత దగ్గరొచ్చింది.
వాళ్ల డబ్బా పెద్దదని మేము,
మా డబ్బాకి అడుగు నొక్కేశామని వాళ్లు.
అందులో నిజం లేకపోలేదు,
మా ఆయనే సుత్తితో నొక్కాడు.
ముందు తిట్లు,
తిట్లలోకి తాతలొచ్చారు,
తాతల వెనకే దేశాలొచ్చాయి.
రాళ్ల కోసం వంగిన నడుములు కూడా చూశాను.

న్యామిజి ఒక బిందెడు నీళ్లు తెచ్చింది.
వాళ్ల డబ్బా నింపి
అందరూ చూస్తుండగా
నా డబ్బాలోకి వంచింది.
నీళ్లు పొర్లి దుమ్ములో పడ్డాయి.
ఎవరూ మాట్లాడలేదు.
నా చెవుల్లో ఒకటే సుత్తి చప్పుడు.

లేచి వెళ్లి డబ్బా వెజూలికిచ్చాను.
లోపల్నుంచి రాయితో కొట్టి
అడుగు సాపు చేశాడు.
మళ్లీ వంచారు.
నీరు అంచుదాకా వచ్చి
కాస్త ఊగి
ఆగింది.

గేటు మూసిన రోజులూ వచ్చాయి.
ఒకసారి జబ్బన్నారు, ఒకసారి ఎన్నికలన్నారు.
బల్ల వానకి తడిసింది.
నేను మళ్లీ ఎలుకదారి తొక్కాను, అబద్ధమెందుకు.
ఆ రోజుల్లో ముగేని కాలవకి అవతల నించుని
చేపల ధర ఫోన్లో చెప్పేది,
ఇవతల వెజూలి రాసుకునేవాడు.
ఫోను లేకపోయినా వినపడేంత దూరమే.
ఎందుకో నేనడగలేదు, వాళ్లూ చెప్పలేదు.

మొన్న హోటల్లో సభకి వీళ్లనీ పిలిచారు,
తలా ఒక తెల్ల బనీను ఇచ్చారు.
ఇవాళ ముగేని దాంతో బల్ల తుడుస్తోంది.
"ఏమన్నారే పెద్దలు?"
"భవిష్యత్తు మీదేనన్నారు."
"మరి నువ్వేమన్నావు?"
"కొత్త గొడుగు కొనివ్వమన్నాను."

అప్పటికే ఎండ
బల్ల సగం దాకా వచ్చేసింది.