ఇల్లే

శనివారం రాత్రి పన్నెండు దాటాక
చిరిగింది నిరోధ్.
దిల్లిబాబు లేచి కూర్చుని తల గోక్కున్నాడు.
నేను వేళ్ల మీద గంటలు లెక్కపెట్టడం మొదలుపెట్టాను.
డెబ్బై రెండు లోపల, ఎంత ముందైతే అంత మేలని
కార్పొరేషన్ ఆస్పత్రి నర్సు గోమతి చెప్పింది,
చిన్నవాడికి టీకా వేయించిన రోజు,
వాడి ఏడుపు మీంచి, గట్టిగా.

ఆదివారం. కొరుక్కుపేట.
మొదటి మందుల కొట్టులో నెమ్మదిగా అడిగాను.
"ఇల్లేమ్మా."

మూడు తరాలుగా ఈ ఊళ్లోనే జాకెట్లు కుడుతున్నాం,
తమిళం నాకు మంచినీళ్లంత సులువు.
అయినా ఆ మాట వింటే ఇప్పటికీ
చెవిలోని తెలుగు ఉలిక్కిపడుతుంది:
ఇల్లే. అవును, ఇల్లే.
ఉన్నది ఇల్లే, ఒక్క గది, నలుగురం,
ఐదో చాప పట్టదు.

రెండో కొట్టువాడు నా మెడ వంక చూశాడు.
తాళి కనబడ్డాక ఇంకా తికమకపడ్డాడు.
పెళ్లైనదానికి ఇదెందుకని
కనుబొమలు అడిగాయి, నోరు అడగలేదు.
వాడి భుజం పక్కనే వేలాడుతున్నాయి
స్ట్రాబెర్రీ వాసనవీ చాక్లెట్ వాసనవీ
మగాళ్ల పాకెట్లు, దండలు దండలుగా.

మూడో కొట్టులో చీటీ అడిగారు.
దీనికి చీటీ అక్కర్లేదన్నాను.
"అక్కర్లేదు గానీ, మేం పెట్టం."
నాలుగో ఆయన పెద్దాయన, నెమ్మదస్తుడు.
గొంతు తగ్గించి
"కడుపు తీసే మందు అమ్మం తల్లీ, పాపం" అన్నాడు.

అయ్యా, నేను దర్జీదాన్ని.
కుట్టింది విప్పడం వేరు,
సూది బెజ్జంలోకి దారం ఎక్కకుండా
కాసేపు ఆపడం వేరు.
ఇది రెండోది.
గుడ్డు బయల్దేరకుండా ఆపుతుంది, అంతే.
పడిపోయిన కుట్టుని ముట్టుకోను కూడా ముట్టుకోదు.
ఇదంతా చెప్పానా? లేదు.
వెనకాల ఇద్దరు దగ్గుమందుకి నిలబడ్డారు.
టేపు మెళ్లోనే ఉండిపోయింది,
అది సర్దుకుంటూ వచ్చేశాను.

సోమవారం పొద్దున సూళ్లూరుపేట బండి.
ఖాళీ చేపల బుట్టల పక్కన నిలబడి
ఎన్నూరు పొగ, మీంజూరు, పొన్నేరి.
గుమ్మిడిపూండిలో అరగంట ఆపేశాడు.
సిగ్నల్‌కి ఏం తెలుసు,
నా లోపల ఇంకో గడియారం ఉందని.
ఆరంబాక్కం దాటింది. బోర్డు మీద లిపి మారింది.
తడలో దిగాను. తడబడకుండా అడిగాను.
కౌంటర్ దగ్గర పిల్ల, ఇరవై ఏళ్లుంటాయేమో,
ఫోన్‌లోంచి తల కూడా ఎత్తలేదు.
"ఒకటా, రెండా?"
అంతే.
ఆ రెండు ముక్కలకి ఏడుపొచ్చింది నాకు.

మూడు కొన్నాను.
ప్లాట్‌ఫారం కుళాయి నీళ్లతో ఒకటి మింగాను,
ముప్పై నాలుగో గంటలో.
తిరుగు బండిలో కాస్త వికారం.
పోయిన కూలి: రెండు జాకెట్లు, ఒక ఫాల్.

మిగతావి హుక్కుల డబ్బాలో దాచాను.
ఒకటి హాస్టల్ పిల్ల పట్టుకెళ్లింది,
కొలత ఇస్తానని వచ్చి, కొలత ఇవ్వకుండానే.
రెండోది ఎవరికిచ్చానో చెప్పను.
ఆమె కోరుకున్న రాత్రి కాదది,
అంతవరకే చెప్తాను.
పెద్దాస్పత్రి మెట్లు ఇద్దరం కలిసి ఎక్కాం.

ఇప్పుడు తలుపు తడుతున్నారు,
"అక్కా, హుక్కులున్నాయా?" అని.
డబ్బాలో నిజంగానే హుక్కులు తప్ప ఏం లేవు.
నాది కుట్టుమిషను. మందుల కొట్టు కాదు.
కొట్టు వీధి మలుపులో ఉంది,
పదకొండు ట్యూబులైట్లతో, రాత్రి పదిన్నర దాకా.

ప్రతి ఆదివారం వెళ్లి అడుగుతున్నాను.
నెమ్మదిగా కాదు.