ఎవురికి ఏం చెప్పినానో

పొద్దున ఐదున్నర బస్సుకు
చిత్తూరు నుంచి తిరపతికి పోతా, రుయా ఆసుపత్రికి.
ఈ మాత్రలు చిత్తూర్లోనే ఇస్తారు.
అక్కడ చీటీలు రాసే పిల్ల మా వీధి కోడలు.
అందుకే పంతొమ్మిదేండ్లుగా
నా జబ్బుకు బస్సు చార్జీ కూడా పెడతా ఉండా.

పక్కింటి రాజమ్మాళ్‌కు చక్కెర జబ్బని చెప్పినా.
బెల్లం మండీలో దిమ్మెలు లెక్కపెట్టే చోట
మేస్త్రీ దొరస్వామికి థైరాయిడ్డని చెప్పినా.
ఆడబిడ్డకేమో, మూడు నెల్లకొకసారి
కొండకు నడిచెక్కే మొక్కుందని.

నిజానికి జ్ఞాపకం అక్కర్లే.
అది దాని చోట అది పడుంటుంది.
అబద్ధాన్నే రోజూ లేపి, తల దువ్వి,
ఎవురింటికి ఏ రైక తొడిగి పంపినామో
గుర్తు పెట్టుకోవల్ల.
చదువు రాకున్నా పెట్టుకున్నా.

చెంగల్రాయులు పోయినప్పుడు నాకు నలభై.
లారీ తోలతా ఉన్న్యాడు.
ఆయప్ప ఇచ్చిపోయినవి రెండు:
ఒక టార్పాలిన్ పట్ట, ఇంగొకటి ఇది.
పట్ట చినిగిపోయింది.

డాక్టరమ్మ రక్తం కాయితం చూసి నవ్వింది.
"పురుగు నిద్రపోతా ఉంది మొగిలమ్మా, కనబడనే లేదు."
ఇంగో కాయితం తిప్పి, నవ్వు ఆపింది.
నాకు యాభై తొమ్మిది.
నా ఎముకలకు డెబ్బై అంట.
అంటే నా మోకాళ్ళు నాకు పెద్దక్కలు,
నడుము మా యమ్మ ఈడుది.
పడుకున్న పురుగు ఊరకే పడుకోదంట,
బూడిద కింద నిప్పు మాదిరి
గుండెకాయనీ మెదడునీ
సన్నగా కాగబెడతానే ఉంటుందంట.

"మరి అప్పుడు, రెండేండ్లు బతికితే గొప్ప అంటిరే?"
ఆమె అప్పుడు ఇస్కూల్లో ఉండింటుంది.
ఏం చెప్తుంది, పాపం.

మరుపు జాస్తి అయిందని నేనే చెప్పినా.
కౌన్సెలింగు పిల్ల హేమసుధ గడియారం గీయమనింది.
బెల్లం ఉండంత గుండ్రంగా గీసినా.
పదకొండూ పది పెట్టమనింది.
నాకు తెలిసిన గంట ఒకటే, రాత్రి ఎనిమిది, మాత్ర గంట.
ఎనిమిదే పెట్టినా.
నూర్లో నుంచి ఏడేడు తీసెయ్యమనింది.
తొంభై మూడు, ఎనభై ఆరు, డెబ్బై తొమ్మిది,
మేస్త్రీ కునుకు తీసేటప్పుడు దిమ్మెలు తీసినంత సులువుగా తీసినా.
ఐదు మాటలు చెప్పి, మళ్ళీ అడుగుతా అనింది.
చెంబు. ఎరుపు. రైలు. మజ్జిగ.
ఐదోది రాలే.
ఫ్యాను గాలికి కాయితం కొస ఆడతా ఉంది.
ఆ పిల్ల పెన్నుకు మూత పెట్టకుండా
చానా సేపు కాచుకుంది.

పోయిన నెల రాజమ్మాళ్ కొండ లడ్డు తెచ్చింది.
"చక్కెర కదా మే, సగమే తిను."
"నాకు చక్కెర యాడిది?" అన్న్యా.
అనేసినాక లోపలంతా వెతికినా.
ఈమెకు ఏం చెప్పినా? థైరాయిడ్డా? మొక్కా?
ఒక్కటీ చేతికి దొరకలే.
చేతికి తగిలింది నిజమొకటే.
అది ఇచ్చేసినా.

ఆమె గడప వైపే చూసింది కాసేపు.
"రాత్రి ఎనిమిదికా మింగేది?" అనింది.
మరుసటి రోజు రాలే.
ఆ మరుసటి రోజూ రాలే.
మూడోనాడు ఎనిమిదికి
గోడ అవతల నుంచి గిన్నె మీద గరిటెతో కొట్టింది.
అప్పట్నుంచి కొడతానే ఉంది.

చంద్రగిరి పోయింది, పూతలపట్టు పోయింది.
చెంబు, ఎరుపు, రైలు, మజ్జిగ,
పక్క సీటు ముసలాయన నన్ను చూసి
సంచి అటు పక్కకు జరుపుకున్నాడు.

గరిటె మోగినాక,
మాత్ర గొంతు దిగినాక వచ్చింది ఐదోది,
పిలవని చుట్టం మాదిరి.
రాయడం రాదు గదా,
మాత్రల డబ్బా మూత మీద కాటుకతో బొమ్మ గీసినా.
రాజమ్మాళ్ గోడ మీద నుంచి తొంగి చూసి
"పుట్టగొడుగు గీసినావేంది మే?" అనింది.
నవ్వొచ్చింది నాకు.
సగం సరిగ్గానే చెప్పింది.

మూడు నెల్లకు డబ్బా ఎత్తుకపోయి
హేమసుధకు చూపిస్తా,
ఇదేం బొమ్మో అప్పటికి
నాకు తెలిస్తే.