తేదీ కొట్టు

నల్లవాగు హాల్టుకి సిగ్నలు లేదు, మాస్టరు లేడు.
రేకు పెట్టెలో అట్ట టిక్కెట్లతో
హజరత్తయ్య ఉన్నాడు, కమీషన్ మీద.

మీటరు గేజి నాడు వాళ్ళ నాన్న
లాంతరు ఊపితేనే బండి ఆగేదట.
పట్టాలు వెడల్పయ్యాయి,
పాత స్లీపర్లు మా గొడ్ల చావిట్లో దూలాలయ్యాయి,
ప్లాట్‌ఫారం మాత్రం ఎదగలేదు.
ఇప్పటికీ నన్నెవరో రెక్క పట్టి పైకి లాగాల్సిందే.

గుంటూరు యార్డులో మిరప ముచ్చికలు తీసే చేతులు
తెల్లారినా మంట పోదు.
చిల్లర అతనికి తగలకుండా
బల్ల మీద పెడతాను.

మొన్న జ్వరమొచ్చి నాలుగు రోజులు పోలేదు.
"నేను లేకపోతే ఎవరెక్కారు?"
"ఎవరూ లేరు."
పుస్తకంలో మాత్రం రోజుకొకటి, ఫిరంగిపురానికి.
సున్నాలు పడితే హాల్టు ఎత్తేస్తారట.
ఎవరూ ఎక్కని నాలుగు టిక్కెట్లు
జేబులోంచి తీసి చూపించాడు,
జామకాయల దొంగలా నవ్వుతూ.

ఇవాళ ఆదివారం, యార్డుకి సెలవు.
వెళ్ళి ఒకటి అడిగాను.
"ఎక్కడికి?"
"ఎక్కడికైతే ఏంలే, తేదీ కొట్టు."

బండొచ్చింది.
గార్డు మా ఇద్దర్నీ చూశాడు.
ఎక్కేవాళ్ళు లేరు, దిగేవాళ్ళు లేరు.
అయినా
నిమిషం నిమిషమంతా ఆపాడు.